తాబేలుకి ఆ అద్దాల ట్యాంకు కొనకు మామా

ఒరేయ్ మామా,

మీరు తెచ్చుకోబోయే తాబేలుకి అద్దాల ట్యాంకు కొంటున్నానని నువ్వు పెట్టిన మెసేజ్ రాత్రి చూశాను. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను, పాప పడుకుని ఉంటుందని ఆగి తీరిగ్గా రాస్తున్నాను. ముందు ఒక్క మాట. ఆ నలభై గ్యాలన్ల అద్దాల ట్యాంకు ఆర్డర్ పెట్టేసి ఉంటే ఇప్పుడే కేన్సిల్ చేసి వచ్చి మిగతాది చదువు.

మా తాబేలు బుజ్జిని, వదిలేసిన జంతువుల్ని చేరదీసే రెస్క్యూ వాళ్ల దగ్గర తెచ్చుకున్న మొదటి చలికాలం నేను సరిగ్గా అదే కొన్నాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. షాపులో అబ్బాయి జీవితాంతం సరిపోతుందన్నాడు, నమ్మాను. పొద్దున్న లైటు వెలిగిన దగ్గర్నుంచి అది అద్దానికి ముక్కు ఆనించి, ముందు కాళ్లతో గీకుతూ ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతూనే ఉండేది. పిల్లలు ఆడుకుంటోందని మురిసిపోయారు. తాబేలుకి అద్దం అంటే గోడ అని తెలీదురా, అవతలి సోఫా కనిపిస్తోంది కాబట్టి దారి ఉందనుకుంటుంది, రోజంతా ఆ దారి కోసం వెతుకుతుంది. నెల తిరిగేసరికి తిండి తగ్గించేసింది, ముక్కు కారడం మొదలైంది. జంతువుల డాక్టరు చూసి గాలి ఆడటం లేదు, సరైన లైటు లేదు అని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీరు తెచ్చుకుంటున్నదీ రష్యన్ తాబేలే కదా. పేరు రష్యన్ అయినా దాని సొంతూరు కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ వైపు గడ్డి మైదానాలు. అక్కడ ఎండలు మండినా, మంచు పడినా నేలలో బొరియ తవ్వుకుని లోపల పడుకుంటుంది. అంటే తవ్వడానికి మట్టి, తిరగడానికి నేల ఉంటేనే దానికి ఇల్లు. పాపకి ఒక సంగతి చెప్పు, 1968లో సోవియట్ వాళ్ల జోండ్-5 అంతరిక్ష నౌకలో చంద్రుణ్ణి చుట్టి వచ్చిన రెండు తాబేళ్లూ ఈ జాతివే.

ఇక ట్యాంకు బదులు మనం చేసుకునే చెక్క పెట్టె సంగతి. ఎనిమిదడుగులకి నాలుగడుగుల ప్లైవుడ్ షీట్లు రెండు తెచ్చుకో. ఒకటి అలాగే అడుగున వేసెయ్. రెండోదాన్ని పదహారు అంగుళాల వెడల్పున మూడు పొడవు ముక్కలు కోయించు, రెండు ముక్కలు పొడుగు గోడలకి, మూడోది సగానికి కోస్తే అడ్డ గోడలకి. షాపులోనే కోసిస్తారు, ముక్క కూడా వేస్ట్ కాదు. నాలుగు మూలల మీదా పైన త్రికోణం చెక్కలు బిగించడం మరిచిపోకు, ఎందుకంటే ఇవి మూలల్లో నిలబడి ఎక్కేస్తాయి, పడితే వెల్లకిలా పడతాయి, అదే వేడి లైటు కింద వెల్లకిలా పడితే ప్రాణం మీదకొస్తుంది. లోపల పాండ్ లైనర్, అంటే నీటి గుంటల అడుగున వేసే నీళ్లు దిగని షీటు, పరిచెయ్, లేకపోతే తడికి చెక్క కుళ్లిపోతుంది. మట్టి పోశాక వందల పౌండ్లు తూగుతుంది కాబట్టి బల్ల మీద పెట్టే ఆలోచన వద్దు. మీ బేస్‌మెంట్ నేల మీదే పెట్టి, కింద ఫోమ్ బోర్డు వెయ్, మీ మినియాపొలిస్ చలికి అది తప్పదు.

మట్టికి ఎరువు కలపని మామూలు పైమట్టి, అంటే టాప్‌సాయిల్, అందులో సగానికి సగం కొబ్బరి పొట్టు. ఇటుకల్లా నొక్కి అమ్ముతారు చూడు, అవి. నీళ్లు పోసి నానబెట్టినప్పుడు వచ్చే వాసనకి మా గరాజ్‌లో నాకు ఊళ్లో కొబ్బరి తోట గుర్తొచ్చింది, ఆ రోజే అమ్మకి ఫోన్ చేశాను. దేవదారు పొట్టు మాత్రం వద్దు, దాని నూనె ఆవిరి ఊపిరితిత్తులకి చెడ్డది. చల్లని వైపు ఎనిమిది అంగుళాల లోతున మట్టి పొయ్, అక్కడే బొరియ చేసుకుంటుంది. బుజ్జి మొదటి రాత్రే అందులోకి వెళ్లిపోయింది. వీపు అంచు ఒక్కటే కనిపిస్తుంటే చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడ్డాం, పొద్దున్న తొమ్మిదింటికి మట్టి దులుపుకుని తనే బయటికొచ్చింది.

డబ్బు పెట్టాల్సింది లైట్ల మీద మామా. వేడికి ఒక బల్బు, కింద ఎండ కాచుకునే చోట 95 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, అవతలి చివర 70, 75. వేడి పైనుంచే రావాలి, వేడి రాళ్లు అమ్ముతారు, కొనకు, పొట్ట కాలిపోతుంది. రెండోది యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు ఇచ్చే లైటు. చుట్టలా ఉండే బల్బు వద్దు, టీ5 అని అమ్మే సన్నటి పొడుగు ట్యూబే తీసుకో. ఆ కిరణాలు పడితేనే దాని ఒంట్లో డీ3 విటమిన్ తయారవుతుంది, అది ఉంటేనే కాల్షియం పడుతుంది, లేకపోతే వీపు మీది డిప్ప మెత్తబడిపోతుంది. కిటికీ పక్కన పెడితే చాలదా అని అడిగావు కదా, చాలదు, కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది. ఏడాదికోసారి ట్యూబు మార్చు. వెలుగుతూనే ఉంటుంది కానీ ఆ కిరణాలు తగ్గిపోతాయి, కంటికి తెలీదు. టైమర్ పెట్టి పన్నెండు గంటలు వెలిగించు, రాత్రి పూర్తి చీకటి.

నీళ్లకి కుండీ కింద పెట్టే మట్టి పళ్లెం, అంచు మట్టితో సమానంగా పాతెయ్. లోతు గిన్నె వద్దు, మునిగిపోతుంది. దాక్కోవడానికి పూలకుండీని పక్కకి వాల్చి సగం పాతితే చాలు. ప్లాస్టిక్ తాటిచెట్లు, వంతెనలు ఏవీ అక్కర్లేదు, వాటి బదులు డాండిలయన్ మొక్కలు (పచ్చిక బయళ్లలో పసుపు పూలు పూసే కలుపు మొక్క) నాటు, తింటుంది. మా అమ్మ వీడియో కాల్‌లో గోంగూర పెట్టు, తోటకూర పెట్టు అంటుంది పాపం, వాటిలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, కాల్షియం అందనివ్వదు. మందారాకులు మాత్రం హాయిగా పెట్టు. ఇంకోటి, జతకి రెండోదాన్ని తేవద్దు. కొట్టుకుంటాయి.

పాపకి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం అలవాటు చెయ్, వాటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా ఉంటుంది. నాలుగు అంగుళాల లోపు తాబేళ్లు అమ్మకూడదని ఇక్కడ అమెరికాలో 1975 నుంచీ రూల్ ఉన్నది అందుకే.

శ్రీకూర్మం గుళ్లో నక్షత్ర తాబేళ్లు నేల మీద తిరుగుతుంటే మనం గంటసేపు చూస్తూ కూర్చున్నాం, గుర్తుందా? వాటిని ఇంట్లో పెంచడం ఇండియాలో నేరం, అలా ఉండాలి కూడా. ఆ రోజు ఒకటి ఎండలో నుంచి నీడలోకి, మళ్లీ ఎండలోకి తనకి నచ్చినట్టు తిరగడం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. బుజ్జి పెట్టె చేస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది అదే.

బేస్‌మెంట్‌లో ఏ గోడ పక్కన పెట్టాలనుకుంటున్నావో దాని పొడవు, దగ్గర్లో ప్లగ్ ఎక్కడుందో కొలిచి ఫోటో పంపు. థ్యాంక్స్‌గివింగ్‌కి వస్తున్నాం కదా, డ్రిల్లు, స్క్రూలు నేను తెస్తాను, ప్లైవుడ్ నువ్వు కోయించి ఉంచు. తాబేలుని మాత్రం పెట్టె పూర్తయ్యాకే ఇంటికి తీసుకురా.

నీ
మామ