బొమ్మ ఒంటి రంగుకు నలుపు, తెలుపు చాలవు

సంపాదకులకు,

ఆదివారం సంచికలో ఫాంటసీ మినియేచర్ల (ఊహాలోకపు యోధులు, వింత జీవుల చిట్టి బొమ్మల) పెయింటింగ్ మీద వేసిన వ్యాసం బాగుంది గానీ, అసలు కష్టమంతా ఉండే ఒంటి రంగును రెండు ముక్కల్లో తేల్చేశారు. నీడకు నలుపు, వెలుగుకు తెలుపు కలపమంటే కొత్తవాళ్ల బొమ్మలన్నీ సున్నం కొట్టిన గోడల్లా తయారవుతాయి. నీడలోనూ ఒంట్లో నెత్తురు ఛాయ ఉంటుంది. అందుకే అసలు రంగులో ముదురు ఎర్రమట్టి రంగో, కాస్త ఊదా రంగో కలపాలి, వెలుగు పడే చోట తెలుపు బదులు దంతపు రంగు వాడాలి. 28 మిల్లీమీటర్ల బొమ్మ ముఖం చిటికెనవేలి గోరంత కూడా ఉండదు, దాని మీద సహజంగా పడే నీడ కంటికి ఆనదు కాబట్టి కనుబొమల కింద, ముక్కు పక్కన, కింది పెదవి కింద నీడను మనమే వేయాలి. వాష్ (పల్లాల్లోకి జారి నీడ తెచ్చే పల్చటి రంగు) ఒళ్లంతా పోసి వదిలేయకండి, చదునైన చోట మరకలు కడుతుంది. కుంచెను టిష్యూకు అద్ది పల్లాల్లో మాత్రమే పెట్టండి.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ముఖ్యం. దొరికే పాఠాల్లో ఎక్కువ భాగం తెల్ల ఒంటివే. చామనఛాయకు వెలుగు పసుపు మట్టి రంగుతో తేవాలి, నల్లని ఒంటికైతే వెలుగు చిన్నగా, పదునుగా ఉండాలి, అరచేతులు లేతగా వేయాలి. ఫాంటసీ కథల్లోని ఆకుపచ్చ ఒంటి రాక్షసుడు ఆర్క్‌కైనా నీడలో లేశమంత ఎరుపు కలిపి చూడండి, ఎంత జీవం వస్తుందో!

ఈసారి చామనఛాయ యోధుడి ముఖాన్ని ఒక్కో పొర తర్వాత ఫొటో తీసి వేయండి, పిల్లలకు బాగా పనికొస్తుంది.

- ఒక పాఠకుడు, విజయవాడ