మగ్గం వర్క్ ఆర్డర్లు ఇప్పుడు ఎందుకు తీసుకోవడం లేదంటే

అక్కలకు, అమ్మలకు, నా దగ్గర బట్టలు కుట్టించుకునే అందరికీ నమస్కారం.

నేను షాపు ఎత్తేస్తున్నానని, ఇచ్చిన అడ్వాన్సులు తిరిగి రావని నాలుగైదు రోజులుగా కడపలో ఒక మాట తిరుగుతోంది. మొన్న లైనింగ్ గుడ్డ కోసం వైవీ స్ట్రీట్‌కు వెళ్తే అక్కడ కూడా అడిగారు. షాపు మూయడం లేదు. కానీ ఈ మాట పుట్టడానికి కారణం నేనే. జనవరి నుంచి బట్టలు ఆలస్యమవుతున్నా ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కరెంటు పోయిందని, పని చేసే పాప రాలేదని, జరీ దొరకలేదని చెప్పుకుంటూ వచ్చాను. అవన్నీ అబద్ధాలు. నన్ను క్షమించండి.

నాకు పెద్దపేగు క్యాన్సర్. దీపావళికి ముందు ఆపరేషన్ జరిగింది. అంతకుముందు ఏడెనిమిది నెలలు మోషన్‌లో రక్తం పడుతుంటే మొలలు అనుకున్నాను. చూపించుకున్న చోట కూడా సరిగ్గా పరీక్ష చేయకుండానే మొలలే అని మందులిచ్చారు. ఒంట్లో రక్తం తగ్గిపోయి, మేడ మీదికి మెట్లెక్కలేని పరిస్థితి వచ్చాక కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపలికి కెమెరా గొట్టం పెట్టి చూసే పరీక్ష, చేయిస్తే గడ్డ బయటపడింది. దయచేసి మీలో ఎవరికైనా అలా రక్తం పడుతుంటే మొలలేలే అని వదిలేయకండి.

పక్కనున్న లింఫ్ గ్రంథుల్లోకి కూడా పాకిందని, కీమో తప్పదని అన్నారు. 21 రోజులకు ఒక సైకిల్, మొత్తం 8. మొదటి రోజు తిరుపతికి వెళ్లి ఆక్సాలిప్లాటిన్ అనే మందు డ్రిప్‌లో ఎక్కించుకోవాలి. తర్వాత 14 రోజులు రెండు పూటలా తిన్న అరగంటలోపు కేపెసిటబిన్ మాత్రలు, ఆపై వారం విరామం. జుట్టు ఊడిపోతుందనే నా భయమంతా. నాకు జుట్టు కాస్త పలచబడిందే కానీ ఊడిపోలేదు. అందుకే మీలో చాలామందికి అనుమానం రాలేదు. దెబ్బ చేతుల మీద పడింది.

మొదటి డ్రిప్ అయిన రోజు రాత్రి ఇంటికొచ్చి బిందెలో నీళ్లు తాగాను. గొంతు మూసుకుపోయినట్టయింది, ఊపిరి ఆడటం లేదేమో అనిపించింది. చల్లటివి తాగొద్దని నర్సమ్మ చెప్పే పంపింది. చల్లటివి అంటే ఫ్రిజ్‌లోవి అనుకున్నా, డిసెంబర్ నెల బిందె నీళ్లూ చల్లనివేనని తట్టలేదు. పొద్దున కుళాయి కింద చెయ్యి పెడితే కరెంటు షాక్ కొట్టినట్టు వేళ్లు జిల్లుమన్నాయి. కత్తెర పట్టుకున్నా అంతే. ఆ మందులో ప్లాటినం ఉంటుందట, అది చేతుల, కాళ్ల నరాలకు తగులుతుందని డాక్టరు చెప్పారు. మొదట్లో ఐదారు రోజులకు తగ్గిపోయేది. మూడో సైకిల్ వచ్చేసరికి తగ్గడం మానేసి, వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి.

మగ్గం పని తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. బట్ట పైన ఉన్న చెయ్యి ఆరి సూదిని దించుతుంటే, బట్ట కింద ఉన్న చెయ్యి దారం అందిస్తుంది. కింద ఏం జరుగుతోందో కంటికి కనపడదు, వేలే చూడాలి. ఇరవై ఏళ్లుగా నా వేలు చూస్తూ వచ్చింది. ఇప్పుడు సూది గుచ్చుకున్నా తెలియడం లేదు. ఫిబ్రవరిలో ఒక ధర్మవరం పట్టు బ్లౌజు ముక్క మీద రక్తం మరక చూసి ఎక్కడిదా అని వెతికితే, అది నా వేలిదే. కీమోలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉండటంతో తొందరగా ఆగలేదు కూడా. ఆ చీర అక్కకు అప్పుడు ఏదో సాకు చెప్పి వేరే ముక్క కొనిచ్చాను. అక్కా, జరిగింది ఇదీ. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ హుక్కులు, కాజాలు కుట్టిన నేను ఇప్పుడు నా జాకెట్ హుక్కులు నేనే పెట్టుకోలేక మా అమ్మాయిని పిలుస్తున్నాను. అది చెప్పుకోవడానికి చాలా సిగ్గుపడ్డాను.

మాత్రల వల్ల వచ్చేది ఇంకొకటి. అరచేతులు, అరికాళ్లు ఎర్రగా కమిలి, తోలు ఊడుతుంది. రాపిడి, ఒత్తిడి, వేడి తగలకుండా చూసుకోమన్నారు. కత్తెర రాపిడి, మిషన్ పెడల్ ఒత్తిడి, ఇస్త్రీపెట్టె వేడి, ఇవి తీసేస్తే టైలర్‌కు ఇంకేం పని మిగులుతుంది చెప్పండి? యూరియా ఉన్న క్రీము పూసుకుని, కాటన్ సాక్సులు వేసుకుని నెట్టుకొచ్చాను. తోలు ఊడి వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ దగ్గర మిషన్‌లో నా వేలు పడక మా ఆయన వచ్చి వేశారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ జనవరి చివర్లో, మూడో సైకిల్‌లో. మాఘమాసం పెళ్లిళ్లు, చేతిలో పద్నాలుగు బ్లౌజులు. మోషన్లు మొదలయ్యాయి. మొదటి రోజు ఆరు సార్లు, రెండో రోజు పది దాటాయి. నోట్లో పుండ్లు, మజ్జిగన్నం కూడా మంట పుట్టించింది. మామూలు కంటే నాలుగు సార్లు ఎక్కువైతే మాత్రలు ఆపేసి వెంటనే ఫోన్ చేయమని కాగితం మీద రాసిచ్చారు. నేను ఫోన్ చేయలేదు. చేస్తే అడ్మిట్ అవ్వమంటారు, బట్టలు ఆగిపోతాయి అనుకున్నాను. క్యాన్సర్ మందు మానకూడదు కదా అని మాత్రలు కూడా మింగుతూనే ఉన్నాను. మూడో రోజు కటింగ్ టేబుల్ పక్కనే పడిపోయాను. ఐదు రోజులు ఆస్పత్రిలో సెలైన్లు, పొటాషియం ఎక్కించారు. తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఇంకో రోజు ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినేవి అన్నారు.

"ఓర్చుకున్నానమ్మా" అంటే డాక్టరమ్మ కోప్పడింది. "నువ్వు చెప్తేనే కదా నేను డోసు సరిచేసేది. ఆది జాకెట్ ఇవ్వకుండా బ్లౌజు కుట్టమంటే నువ్వు కుడతావా?" అని అడిగింది. ఆ రోజు నుంచి కొలతల పుస్తకంలోనే వెనకవైపు రాస్తున్నాను: ఎన్ని మోషన్లు, జ్వరం ఎంత, వేళ్లు ఎలా ఉన్నాయి, ఏం తినగలిగాను. మోషన్ మొదలైతే లోపెరమైడ్ మాత్ర, ఓఆర్ఎస్ నీళ్లు, పలచటి రాగి జావ. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా ఫోన్. నాలుగో సైకిల్ నుంచి డోసు తగ్గించారు. చొక్కా గుండీ పెట్టగలుగుతున్నావా అని ప్రతిసారీ అడిగేవాళ్లు. ఐదో సైకిల్ తర్వాత పెట్టలేకపోతున్నానని నిజం చెప్పాను. డ్రిప్ ఆపేసి మాత్రలు మాత్రం ఉంచారు. మందు తగ్గితే జబ్బు తిరిగొస్తుందేమోనని ఆ రాత్రంతా టెన్షన్. కొందరికి ఈ కీమో 3 నెలలు ఇచ్చినా దాదాపు 6 నెలలంత ఫలితం ఉందని 2018లో పెద్ద పరిశోధన వచ్చిందని, నరాలు పూర్తిగా పాడయ్యేదాకా లాగడం మంచిది కాదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇప్పటికి ఆరు సైకిళ్లు అయ్యాయి, రెండు ఉన్నాయి.

నేను కుట్టిన బట్ట వేసుకుంటే జబ్బు అంటుకుంటుందా అని ఒకరు అడిగించారు. అంటుకోదు. ఆ మాటకు రెండు రోజులు అన్నం దిగలేదు, అందుకే రాస్తున్నాను. పసరు మందులు తెచ్చిస్తున్న పెద్దమ్మలు నా మీద ప్రేమతోనే తెస్తున్నారు. కానీ కీమోతో పాటు ఏది మింగాలన్నా డాక్టరును అడగాల్సిందే, విటమిన్ మాత్ర కూడా. కోపం తెచ్చుకోకండి.

ఇక పని సంగతి. ఫాల్స్, పీకో, లైనింగ్ బ్లౌజులు తీసుకుంటున్నాం. కొలతలు, మార్కింగ్ నేనే చేస్తాను, కటింగ్, కుట్టు పాపలిద్దరూ చేస్తారు. పదిహేను రోజులు టైం ఇవ్వండి. ఎండలకు నేను పొద్దున 10 నుంచి 1 వరకే ఉంటాను. జలుబు, జ్వరం ఉంటే బట్టలు ఎవరితోనైనా పంపండి, నా ఒంట్లో తెల్లకణాలు తక్కువ.

మగ్గం వర్క్ ఒప్పుకోను. డ్రిప్ ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు తిమ్మిరి పెరగొచ్చని, తగ్గడానికి ఏడాది పట్టొచ్చని, కొందరికి పూర్తిగా పోదని చెప్పారు. శ్రావణానికి కుట్టిస్తానని మాటిచ్చి మళ్లీ అబద్ధం చెప్పలేను. మగ్గానికి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు చీటీ తీసుకుని రండి, మొత్తం ఇచ్చేస్తాను. చీటీ పోయినా పర్వాలేదు, పుస్తకంలో ఉంది.

ఒక్క బ్లౌజు మాత్రం మగ్గం మీదే సగంలో ఉంది, ఎర్ర పట్టు, చేతుల మీద నెమళ్లు. ఎడమ చెయ్యి పూర్తయింది, కుడి చేతికి నెమలి మెడ దాకా వచ్చింది. ఆ అక్క అమ్మాయి పెళ్లి జూన్‌లో. అక్కా, ప్రొద్దుటూరులో నాతో పాటు పని నేర్చుకున్న ఆవిడ ఉంది, అదే కుట్టు కుడుతుంది. మీరు సరే అంటే మగ్గంతో సహా నేనే తీసుకెళ్లి పక్కన కూర్చుని చేయిస్తాను. ఆదివారంలోపు ఒక ఫోన్ చేయండి.