బ్యాంకు సహాయ కేంద్రం అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మా అమ్మ పూలు అమ్ముతుంది. మొన్న తడి చేతులు కొంగుకు తుడుచుకుని మీ కేంద్రానికి ఫోను చేసింది. "డబ్బు రావాలన్నా పిన్ నొక్కాలా, నాయనా?" అని అడిగింది. అవతలి అబ్బాయి "ఇది కూడా తెలియదా?" అని నవ్వి పెట్టేశాడు. అమ్మ చాలాసేపు మాల కట్టలేదు.

అది తెలివితక్కువ ప్రశ్న కాదండీ. యూపీఐలో డబ్బు పంపడానికి, ఖాతాలో నిల్వ చూసుకోవడానికి మామూలుగా పిన్ కావాలి. అందుకోవడానికి అవసరం లేదు. ఈ ఒక్క ముక్క తెలియకే కొందరు మోసపోయి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తున్నారు. యూపీఐ 2016లో వచ్చింది, అమ్మ చేతికి ఈ ఫోను మొన్న సంక్రాంతికి వచ్చింది.

అడిగినవారికి అర్థమయ్యేదాకా ఫోను పెట్టవద్దని మీ సిబ్బందికి చెప్పండి. అమ్మ రేపు మళ్ళీ చేస్తుంది.

ఇట్లు,
మీ ఖాతాదారు కూతురు