ఇల్లు రాసిచ్చినవారికి దారి ఉంది, డబ్బు ఇచ్చినవారికో?

సంపాదకుడు గారికి,

పిల్లలు చూడటం లేదని పెద్దవాళ్లు ఫిర్యాదు చేస్తే ఆర్డీవో గిఫ్ట్ డీడ్ రద్దు చేసి ఇల్లు తిరిగి ఇప్పించారన్న వార్తలు తరచూ చదువుతున్నాను. సంతోషం. కానీ ఇల్లు కాకుండా దాచుకున్న డబ్బు ఇచ్చేసినవాళ్ల మాట ఎవరూ ఎత్తడం లేదు.

ముప్పయ్యేళ్లకు పైగా బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరయ్యాను. పాలిథిన్ కవర్లో మడతపెట్టి తెచ్చిన డిపాజిట్ బాండు బయటికి తీసి, "అబ్బాయి ఫ్లాట్ కొంటున్నాడండీ, తీసేయండి" అన్న పెద్దవాళ్లు ఎందరో లెక్కలేదు. గడువుకు ముందే తీస్తే వడ్డీ తగ్గుతుందంటే, "పర్లేదులెండి, ఎప్పటికైనా వాడిదేగా" అనేవారు. బాండు వెనక సంతకం పెట్టించుకుని డబ్బు అబ్బాయి ఖాతాకు పంపేవాణ్ణి. పది నిమిషాల పని.

మా అక్కయ్య బాండు కూడా అలాగే నా చేతుల మీదుగా పోయింది. బావగారు పోయాక వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 15 లక్షలు. మేనల్లుడు బెంగళూరులో ఫ్లాట్‌కి కట్టాడు. వాడు చెడ్డవాడేం కాదు. తల్లిని తన దగ్గరే ఉంచుకున్నాడు. పోయినేడాది ఆవిడ బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక అన్నీ మంచం మీదే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు. మనుషులు దగ్గరుండి చూసుకునే హోమ్‌లో లక్ష డిపాజిట్, నెలకు పాతిక వేలు అన్నారు. డైపర్లు, మందులు వేరే. వాడికేమో ఈఎంఐ, పిల్లల ఫీజులు పోతే మిగిలేది అంతంత మాత్రం. ఆవిడ డబ్బు ఆ ఫ్లాట్ గోడల్లో ఉంది. ఇప్పుడు వాడూ నేనూ చెరిసగం కడుతున్నాం.

ఆ 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేసుంటే, 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 30,750 రూపాయలు ఆవిడ చేతికే వచ్చేవి. కొడుకు పేరు నామినీగా రాస్తే సరిపోయేది. ఈ మాట ఆ రోజు నేనే చెప్పాల్సింది. చెప్పలేదు.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆ చట్టం లెక్కలో ఆస్తి అంటే పొలం, ఇల్లే కాదు, డబ్బు లాంటి చరాస్తి కూడా. చిక్కంతా షరతు దగ్గరే. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా చూడాలంటూ తల్లి పక్షాన తీర్పిచ్చింది. అయితే ఆ తల్లి దగ్గర, చూసుకోకపోతే ఆస్తి వెనక్కి తీసుకోవచ్చని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. బ్యాంకులో డబ్బు పంపేటప్పుడు అలాంటి కాగితం ఎవరు రాయించుకుంటారు? పాస్‌బుక్కులో ఒక్క లైను పడుతుంది, అంతే. పోనీ మనోవర్తి అడుగుదామంటే ఆ చట్టంలోనే నెలకు పదివేలు మించకూడదని ఉంది. మా హోమ్ బిల్లులో అది సగం కూడా కాదు.

దస్తావేజు రాసేవాళ్లు "ప్రేమాభిమానాల కొద్దీ" అని పాత నమూనాయే దింపుతున్నారు. అరవై దాటినవాళ్లు గిఫ్ట్ డీడ్ చేస్తుంటే, పోషణ షరతు రాయించారా అని సబ్ రిజిస్ట్రార్ నోటితో అడిగేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. బ్యాంకులైతే, పెద్దవాళ్లు డిపాజిట్ మధ్యలో తీసి పిల్లలకు పంపేటప్పుడు ఒక పేజీ తెలుగు కాగితం పెట్టాలి: ఇది ఊరికే ఇస్తున్నారా, అప్పా, చూసుకుంటారని ఇస్తున్నారా? ఇద్దరి సంతకాలూ తీసుకుని ఒక కాపీ పెద్దవాళ్ల చేతికివ్వాలి. కౌంటర్లో ఇంకో పది నిమిషాలు పడుతుంది. క్యూలో వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

పేపరుకు రాస్తున్నానని చెబితే అక్కయ్య, "వాడి పేరు మాత్రం రాయకురా" అంది. రాయలేదు.

— ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గుంటూరు