శాలువా వద్దు, టేపు పట్టి కొలిపించండి: నల్లగొండ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

డిసెంబర్ 10, మానవ హక్కుల దినం నాడు పట్టణంలోని ఒక ఫంక్షన్ హాల్లో మాకు సన్మానం చేస్తామని, మీ చేతుల మీదుగా శాలువాలు కప్పిస్తామని నిర్వాహకులు కబురు పంపారు. రాలేమని వాళ్లకు చెప్పేశాం. ముఖ్య అతిథి మీరు కాబట్టి మీకూ కారణం చెప్పడం మర్యాద అనిపించింది. నలుగురూ చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో ఉన్నవి మా ఇంటి సంగతులు కావు.

కారణం చిన్నదే. ఆ స్టేజీకి ఏడు మెట్లున్నాయి. మాలో అందరికంటే ఎక్కువ పని చేసే మనిషి మూడు చక్రాల బండి మీద తిరుగుతుంది. "ఏం కాదమ్మా, నలుగురం కుర్చీతో సహా ఎత్తుకపోతం" అన్నారు నిర్వాహకులు. మంచి మనసుతోనే అన్నారు. ఆమె నా చేతిలో ఫోన్ తీసుకుని, "అన్నా, నేనేమన్న ఊరేగించే దేవుణ్నా?" అని అడిగి పెట్టేసింది. ఆ తర్వాత శాలువా మాట మాలో ఎవరూ ఎత్తలేదు.

మేమెవరమో చెప్పాలి కదా. నాకో జిరాక్స్ షాపుంది. సోమవారం వస్తే, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయేవాళ్లు కాగితాలు పట్టుకుని వస్తారు. ఆధార్ రెండు కాపీలు, రేషన్ కార్డు ఒకటి, "సారూ, జర ఈ దరఖాస్తు రాసియ్యి". మొదట్లో కాగితానికి ఇరవై రూపాయలు తీసుకునేవాణ్ని, అబద్ధం ఎందుకు. దేవరకొండ దిక్కు తండా నుంచి ఒక పెద్దమ్మ అదే దరఖాస్తు మూడోసారి జిరాక్స్‌కు తెచ్చిన రోజు డబ్బులు తీసుకోవడానికి చెయ్యి రాలేదు. మొదటి రెండుసార్లు ఆమె దాన్ని ఒక ఆఫీసులో ఎవరి చేతికో ఇచ్చి వెళ్లింది. ఎవరికిచ్చిందో తెలియదు, రసీదు లేదు. అడిగితే, "చదువుకున్న పిల్లగాడు, తెల్లంగి" అంది. అంతే గుర్తు. ఆ తెల్లంగిని వెతకడానికి ఆమెతో వెళ్లిన రోజు నుంచి నా సోమవారాలు నా చేతిలో లేవు.

తర్వాత ఒక్కొక్కరే కలిశారు. ఒక రిటైర్డ్ తెలుగు టీచరు, ఒక తాపీ మేస్త్రి, ఒక ఆటో డ్రైవరు, ఒక నర్సమ్మ, ఇద్దరు డిగ్రీ ఆడపిల్లలు. బండి మీద తిరిగే మా చెల్లె. రిజిస్ట్రేషన్ లేదు, బోర్డు లేదు, లెటర్‌ప్యాడ్ లేదు. జనం 'సోమవారం వాళ్లు' అంటారు. చేసేది పెద్దదేమీ కాదు. కాగితం రాస్తాం, వెంట పోతాం, పక్కన నిలబడతాం. పక్కన ఒక మనిషి నిలబడితే కౌంటర్ వెనకున్న గొంతు ఎంత మెత్తబడుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక మెట్ల సంగతికి వస్తాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ అందరూ వాడుకునేలా మార్చాలని 45వ సెక్షన్ చెబుతుంది, రూల్స్ వచ్చిన నాటి నుంచి ఐదేళ్లు గడువిచ్చింది. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఇంకో మాట కూడా చెప్పింది: ఇవి వీలైతే పాటించే సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు పెట్టాల్సిందే అని.

మన దగ్గర ర్యాంపులు లేవని నేను అనను. ఉన్నాయి. ఒక ఆఫీసులో (పేరు రాయను, ఇది ఒక్కచోటి కథ కాదు) నాలుగు మెట్ల పక్కన సిమెంటుతో ఏటవాలుగా ఒకటి కట్టారు. మా మేస్త్రి టేపు పెట్టి కొలిచాడు. మెట్టుకు ఆరంగుళాలు, నాలుగు మెట్లకు రెండడుగుల ఎత్తు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలని లెక్క, అంటే ఇరవై నాలుగు అడుగులు కావాలి. అక్కడున్నది ఏడడుగులు. "ఇది ర్యాంపు కాదు సారూ, జారుడుబండ" అన్నాడు మేస్త్రి. మా చెల్లె బండి దాని మీద సగం దాకా ఎక్కి వెనక్కి జారింది, టీచరు గారు పట్టుకోబట్టి సరిపోయింది. పైగా ఆ ర్యాంపు చివర, తలుపు ముందర, ఒక పూలకుండీ. అందంగానే ఉంది. బిల్లులో మాత్రం ర్యాంపు అనే రాసుంటారు. ఫొటోలో కూడా ర్యాంపులాగే కనపడుతుంది.

ఆ ఒక్క కొలతతో మా మేస్త్రికి పిచ్చి పట్టింది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా జేబులో టేపే. పెళ్లికి పోయినా టేపే. బ్యాంకులు, ఏటీఎంలు, బడులు, గుళ్లు, గడియారం సెంటర్ చుట్టుపక్కల షాపులు కొలిచి ఒక నోటుబుక్కు నింపాడు. ఆ నోటుబుక్కు మీకు పంపగలం. చేతిరాత మాత్రం మీరు ఓపిక పట్టాలి.

మన జిల్లాలో వైకల్యం మాట ఎత్తితే ఫ్లోరైడ్ గురించి చెప్పకుండా ముగించలేం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఊళ్లలో లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అంతకు ఎన్నో రెట్లున్న బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లున్నారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చాయి, నిజమే, పిల్లల పళ్లు తెల్లగా వస్తున్నాయి. కానీ నీళ్లు మారితే వంగిన వెన్ను నిటారు కాదు కదా. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. అందులో ఫ్లోరోసిస్ అనే పేరు లేదు. కాళ్లూ చేతుల చలన వైకల్యం కిందే లెక్కకట్టాలి. మెడ తిప్పలేని, చొక్కా తనంతట తాను తొడుక్కోలేని ఒక పెద్దమనిషికి, వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో, శాతం నలభై లోపు రాశారు. నలభై లేకపోతే 4,016 రూపాయల పింఛన్ లేదు. ఆయనను రెండోసారి తీసుకుపోవడానికి మీసేవలో స్లాటు కోసం మా డిగ్రీ పిల్లలు పొద్దున్నే లేచి కూర్చునేవాళ్లు. రైలు టికెట్టుకు తత్కాల్ కొట్టినట్టు కొట్టాలి. దొరికింది, శాతం మారింది, పింఛనొచ్చింది. ఆయన మాకు ఒక సంచి బత్తాయిలు తెచ్చిచ్చాడు. తింటుంటే టీచరు గారు ఒక మాటన్నారు: "ఆయన బత్తాయిలు మనకెందుకియ్యాలె? ఆయనకు రావలసిందే వచ్చింది గదా."

మా బాధంతా ఆ మాటలోనే ఉంది. మేం సాయం చేస్తున్నకొద్దీ హక్కు కాస్తా దయ అయిపోతోంది. పెద్దమనిషికి చట్టం ఇచ్చింది మేమిచ్చినట్టు అనిపించింది. అధికారులకూ అలాగే అలవాటవుతోంది. పోయిన ఎండాకాలం ఒక ఆఫీసుకు వెళ్తే గోడకు నా ఫోన్ నంబరు అంటించి ఉంది. 'దరఖాస్తుల సహాయమునకు సంప్రదించండి' అని. నన్నెవరూ అడగలేదు. లోపల సహాయానికని ఒక కుర్చీ, ఒక బల్ల ఉన్నాయి, వాటి మీద పాత ఫైళ్లున్నాయి. అది పొగడ్తో తిట్టో నాకిప్పటికీ అర్థం కాలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్లు వస్తాయి, "సారూ, మా బర్త్ సర్టిఫికెట్ ఏమైంది?" అని. మా ఆవిడ నాకు జీతమెంతో కనుక్కోమంటోంది.

మాకు ఎదురుపడే వాటిలో కాగితంతో తీరేవి కొన్నే. తండాల నుంచి వచ్చే ముసలమ్మలకు లంబాడీ భాష తప్ప రాదు, కౌంటర్లో గడగడా తెలుగులో చెబితే తలూపి వెళ్లిపోతారు, అర్థమైందనుకుంటారు అవతలివాళ్లు. మా ఇద్దరు డిగ్రీ పిల్లల్లో ఒకామెది తండానే కాబట్టి సోమవారాలు గడుస్తున్నాయి. ఆమెకు పరీక్షలున్న వారం మేమూ తలూపడమే.

కిరాయి ఇళ్ల సంగతి ఇంకోటి. కులం ఎవరూ నేరుగా అడగరు. ఇంటిపేరు అడుగుతారు. తర్వాత ఊరేదని. తర్వాత, ఊర్లో మీ ఇల్లు ఎక్కడ, బొడ్రాయి దగ్గరా, చివరనా అని. జవాబు విన్నాక, "మా తమ్ముడొస్తుండు, ఇల్లు ఆయనకే అనుకున్నం" అంటారు. మా నర్సమ్మకు ఐదిళ్లలో ఐదుగురు తమ్ముళ్లు వచ్చారు. ప్రతి నెలా 30న పౌర హక్కుల దినం జరపాలని మన దగ్గర ఉంది, ఊళ్లలో ఎస్సీ వాడల్లో రెవెన్యూ, పోలీసు అధికారులు కూర్చుని మాట్లాడతారు. మంచిదే. కానీ అంటరానివాళ్లని ఎవరన్నారో వాళ్ల వీధిలో కూడా ఆ మీటింగు పెట్టాలి కదా. ఒక్క నెల రామగిరిలోనో హైదరాబాద్ రోడ్డు మీది కొత్త కాలనీల్లోనో, ఇళ్ల ఓనర్లను పిలిచి పెట్టించండి. మేం కుర్చీలు వేస్తాం.

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఒక రాత్రి షాపు మూసే వేళకు ఒక జంట వచ్చింది. కులాలు వేరు, ఇద్దరూ మేజర్లు, మధ్యాహ్నమే పెళ్లి చేసుకున్నారు, అమ్మాయి వాళ్లవాళ్లు బస్టాండులో ఉన్నారు. ఎక్కడికి పంపాలో నాకు తెలియలేదు. ఆ రాత్రి నర్సమ్మ ఇంట్లో ఉన్నారు, ఆమె తెల్లవార్లూ తలుపు దగ్గర కూర్చుంది. కులాంతర పెళ్లి జంటలను కాపాడడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ, సాంఘిక సంక్షేమ అధికారి ఉండే ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలని, జిల్లా కేంద్రాల్లో రక్షణ గృహాలు పెట్టే ఆలోచన చేయాలని 2018 మార్చి 27న సుప్రీంకోర్టు శక్తి వాహిని కేసులో చెప్పింది. ఆర్నెల్లు తిరక్కముందే, అదే సెప్టెంబరులో, మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ను ఎలా చంపారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ కేసులో 2025 మార్చిలో మన నల్లగొండ కోర్టే శిక్షలు వేసింది. శిక్ష పడింది, సరే. ఆ రాత్రి ఆ జంటను ఏ తలుపు కొట్టమనాలో మాత్రం జిరాక్స్ షాపువాడికి తెలియదు, ఆటో డ్రైవరుకు తెలియదు. ఆ నంబరు బస్టాండు గోడ మీద ఉండాలి. నా నంబరు చెరిపేసి అది రాయించినా సంతోషమే.

మనది అర్జీలు పెట్టి పెట్టి విసిగిన జిల్లా. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఢిల్లీకి వినపడాలని నామినేషన్ల మీద నామినేషన్లు వేస్తే నల్లగొండ సీటుకు 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అప్పుడు మా టీచరు గారికి ఎన్నికల డ్యూటీ పడింది, ఆ బ్యాలెట్ మడతపెట్టడం ఎంత తిప్పలో ఇప్పటికీ చేతులతో చేసి చూపిస్తారు. మాట వినిపించుకోవడానికి అంత దూరం పోవలసిన అవసరం ఎవరికీ రాకూడదని మాత్రమే మా కోరిక.

అందుకే శాలువాల బదులు కొన్ని అడుగుతున్నాం. ఏ ఆఫీసులో కాగితం ఇచ్చినా తేదీ వేసి, ఎవరు జవాబు చెప్పాలో ఆ ఉద్యోగి హోదా రాసి ఒక రసీదు ఇప్పించండి. తెల్లంగి అనే గుర్తు చాలదు. 2016 చట్టం 72వ సెక్షన్ కింద జిల్లా కమిటీ ఉండాలి, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక రూల్స్ ప్రకారం మీ అధ్యక్షతన విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఆ మీటింగుల తేదీలు ముందే నోటీసు బోర్డు మీద పెట్టించండి, మేం లోపలికి రాకపోయినా ఏం మాట్లాడారో బయట నిలబడి అడుగుతాం. వారానికి ఒక్కరోజైనా లంబాడీ భాష వచ్చినవాళ్లను ఒక కౌంటర్లో కూర్చోబెట్టండి. జీతం ఇచ్చి. మా పిల్లకు కూడా చదువుంది.

ర్యాంపుల సంగతి మాటల్లో తేలదు. ఒక సోమవారం ప్రజావాణి అయ్యాక ఒక గంట ఇవ్వండి. మీరు, ఒక ఇంజనీరు, మా మేస్త్రి, మా చెల్లె. ఏ ఆఫీసుకు పోవాలో చెల్లె చెబుతుంది. దారిలో ఆమె బండిని వెనక నుంచి ఎవరూ నెట్టవద్దు, ఈ ఒక్క షరతు ఆమె నాతో మరీ మరీ రాయించింది. పూలకుండీ ఉన్న ఆఫీసుకు ముందుగా ఫోన్ చేయకండి, కుండీ తీసేస్తారు.

డిసెంబర్ 10న మేం షాపు దగ్గరే ఉంటాం.

ఇట్లు,
సోమవారం వాళ్ల తరఫున
జిరాక్స్ షాపతను,
నల్లగొండ