కోరంగి వెళ్లే ముందు ఒక్క మాట

అందరికీ నమస్కారం. ఆదివారం కోరంగి మడ అడవికి వస్తున్నవాళ్లు ఇది చదవండి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి, 235 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. చెక్క వంతెన మీద నడుస్తూ మనం చూసేది అందులో ఓ మూల మాత్రమే.

అక్కడ అడవిని కాసే వాచర్ల పని దగ్గరగా చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పోటు తగ్గి నీరు వెనక్కి పోయినప్పుడు బురదలోంచి పెన్సిళ్లలా నిలబడ్డ ఊపిరి వేర్ల మధ్య చిప్స్ కవర్లు చుట్టుకుని ఉంటాయి. వేరు విరక్కుండా ఒక్కొక్కటీ చేత్తో తియ్యాల్సిందే. ఆ దగ్గర్లోని హోప్ ఐలాండ్ అనే దీవి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో రాత్రిళ్లు తిరిగి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే గుడ్లు తెచ్చి హేచరీలో, అంటే గుడ్లు పొదిగేదాకా కాపాడే చోట, పాతిపెడతారు. పిల్లలు బయటికొచ్చేదాకా నెలన్నర, రెండు నెలలు కాపలా.

అందుకే వాళ్లు "అటు దిగొద్దండీ" అంటే వాదించకండి. చేపలు పట్టి తినే అడవిపిల్లి, బావురుపిల్లి, కనబడలేదని ఈలలు వెయ్యొద్దు, అది ఎక్కువగా రాత్రి తిరిగేదే. స్పీకర్ వద్దే వద్దు. నీళ్లు స్టీలు సీసాల్లో తెచ్చుకోండి.

పడవ పోటును బట్టి కదులుతుంది కాబట్టి ఉదయం ఏడింటికల్లా కాకినాడ బస్టాండ్ దగ్గర ఉండాలి. వచ్చేవాళ్లు ఈ రాత్రికే మీ పేర్లు పంపండి.