మీ వెబ్‌సైట్ లింకుల గురించి, అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

మా వినతులకు మీ కార్యాలయం నుంచి జవాబు రాలేదు. అందుకే ఈ లేఖను అందరి ముందు ఉంచుతున్నాం.

చూపు లేనివారు తెర మీది మాటలను గొంతుతో వినిపించే స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పేజీ చదువుతారు. అలాంటి ఒక స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ జాబితాగా వస్తాయి. మీ సైట్‌లో ఆ జాబితా నిండా "ఇక్కడ క్లిక్ చేయండి" అన్న మాటే. ఏది దరఖాస్తో, ఏది గడువు ప్రకటనో తెలియదు. ఎవరినైనా బతిమాలుకోవాలి, సొంత వివరాలు వాళ్ల చేతిలో పెట్టాలి.

కొన్ని లింకులకు హెచ్‌రెఫ్, అంటే గమ్యం చిరునామా లేదు; నొక్కితే పనిచేసే ఆన్‌క్లిక్ కోడ్ ఒక్కటే ఉంది. ట్యాబ్ కీ వాటి మీద ఆగదు. గూగుల్ కూడా వాటిని నమ్మకంగా అనుసరించలేదు. బొమ్మే లింకైన చోట ఆల్ట్, అంటే బొమ్మకు బదులు చదివే మాట రాయలేదు. స్క్రీన్ రీడర్ ఫైలు పేరు వల్లిస్తుంది. లింకు కోడ్‌లోని టైటిల్‌లో రాశాం కదా అంటారేమో, అది మౌస్ ఆనించినవారికే కనిపిస్తుంది.

మా కోరిక ఇది. లింకు మాటలోనే గమ్యం చెప్పండి: "పునరుద్ధరణ దరఖాస్తు, పీడీఎఫ్, 2 ఎంబీ". తప్పనిసరైతేనే ఆరియా-లేబుల్, అంటే కోడ్‌లో స్క్రీన్ రీడర్ కోసం రాసే పేరు వాడండి. స్క్రీన్ రీడర్ తెర మీద కనిపించే మాటను వదిలి ఆ పేరునే చదువుతుంది కనుక, ఆ పేరు కనిపించే మాటతోనే మొదలవ్వాలి; లేకుంటే గొంతుతో ఆదేశాలిచ్చేవారికి ఆ లింకు అందకపోవచ్చు. కొత్త ట్యాబ్‌లో తెరుచుకునేవాటికి ఆ సంగతి ముందే చెప్పి, తెరుచుకున్న పేజీ పాత పేజీని మార్చకుండా లింకు కోడ్‌లోని రెల్‌లో నోఓపెనర్ చేర్చండి. లింకు ఎక్కడికి వెళ్తుందో దాని మాట నుంచో, చుట్టూ ఉన్న సందర్భం నుంచో తెలియాలనే నియమం, వెబ్ అందరికీ అందాలని రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో 2.4.4; అది 'ఏ' స్థాయిది, అంటే కనీస స్థాయి.

దరఖాస్తుల పేజీలతో మొదలుపెట్టి, పూర్తిచేసే తేదీని సైట్‌లోనే ప్రకటించండి.

ఇట్లు,
వెబ్ డెవలపర్లు, స్క్రీన్ రీడర్ వాడుకరులు